డొంక ఎందుకు తిరుగుతుంది?

(గుంటూరులో డిగ్రీ విద్యార్థులు, ఇంగ్లీషు ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

పోయిన నెల ఇక్కడే ప్రెసీ, అంటే పెద్ద వ్యాసాన్ని కుదించి రాయడం గురించి మాట్లాడాను. మాటల మధ్యలో "సర్కమ్‌లొక్యూషన్ ఉండకూడదు" అని నాలుగైదుసార్లు అన్నాను కాబోలు, వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడం, అసలు ఆ మాటకి తెలుగేంటి?" అని అడిగింది. నేను తడుముకోకుండా "డొంకతిరుగుడు" అన్నాను. అందరూ రాసుకున్నారు. ఇంటికి వెళ్తుంటే ఆటోలో ఆ జవాబు నాకే వెలితిగా అనిపించింది. తప్పు చెప్పలేదు. ఏ నిఘంటువు తిప్పినా దాదాపు అదే ఉంటుంది. కానీ ఆ ఇంగ్లీషు మాటలో ఉన్నదంతా ఈ తెలుగు మాటలోకి రాలేదు, ఈ తెలుగు మాటలో ఉన్న అసలు బొమ్మనూ నేను చూపించలేదు. ఇవాళ ఆ బాకీ తీర్చుకోవడానికే వచ్చాను. ఆ అమ్మాయి వచ్చిందా? వచ్చావా తల్లీ, ముందుకొచ్చి కూర్చో.

ముందు మాట సంగతి చూద్దాం. లాటిన్‌లో సర్కమ్ అంటే చుట్టూ, లొక్వి అంటే మాట్లాడటం. చుట్టూ తిప్పి మాట్లాడటం, అంతే. సర్కమ్ మీకు కొత్తది కాదు, లెక్కల్లో చుట్టుకొలతను సర్కమ్‌ఫరెన్స్ అని చదువుకున్నారు. లొక్వి కూడా తెలుసు: స్కూల్లో ఎలొక్యూషన్ పోటీలు, వాడుక భాషను కొలొక్వియల్ అనడం, నాటకంలో పాత్ర ఒక్కటే నిలబడి తనలో తాను మాట్లాడుకునే సొలిలొక్వీ, ఇవన్నీ ఆ ఇంటి పిల్లలే. ఈ మాటను లాటిన్ వాళ్ళు సొంతంగా పుట్టించలేదు. గ్రీకులో పెరిఫ్రాసిస్ అని ఒక మాట ఉంది. పెరి అంటే చుట్టూ, రెండో ముక్కకు చెప్పడం అని అర్థం. దానికి లాటిన్‌లో ముక్కకు ముక్క అనువాదం చేసుకున్నారు. ఇంగ్లీషు మాత్రం ఆ రెంటినీ తెచ్చుకుని పనులు పంచింది. కవిత్వంలో, వ్యాకరణంలో మాట్లాడుకునేటప్పుడు పెరిఫ్రాసిస్ అంటారు. మనుషుల మీద ఫిర్యాదు చేసేటప్పుడు సర్కమ్‌లొక్యూషన్ అంటారు.

ఎలా వాడాలో కూడా చెప్తాను, ఎందుకంటే పరీక్ష పేపర్లలో ఇక్కడే తప్పులు పోతున్నాయి. పలికేటప్పుడు ఒత్తు క్యూ మీద పడాలి. ఇది నామవాచకం. ఒక ఫలానా చుట్టుతిరుగుడు వాక్యాన్ని చూపిస్తూ ముందు 'ఎ' పెట్టి వాడొచ్చు, ఒక మనిషి అలవాటును చెప్పేటప్పుడు 'ఎ' లేకుండా వాడొచ్చు. విశేషణం కావాలంటే సర్కమ్‌లొక్యుటరీ. సర్కమ్‌లొక్యూట్ అని క్రియ కొన్ని నిఘంటువుల్లో కనిపిస్తుంది గానీ మీరు వాడొద్దు, చదివేవాళ్ళకు ఎబ్బెట్టుగా ఉంటుంది. దీన్ని సర్కమ్‌వెన్షన్‌తో కలిపేయకండి. అది నియమాన్ని పక్క దారిలో తప్పించుకోవడం. వెర్బాసిటీతో కూడా కలపొద్దు. వాగుడు ఎక్కువైనా సూటిగానే వాగే మనుషులు ఉంటారు, వాళ్ళది సర్కమ్‌లొక్యూషన్ కాదు. "మామయ్య వచ్చాడు" అనాల్సిన చోట "మా అమ్మకి తోడబుట్టినాయన మా ఇంటి గుమ్మంలో అడుగుపెట్టారు" అంటే, అదీ సర్కమ్‌లొక్యూషన్. ఒక్క మాట సరిపోయే చోట ఆ మాటను ముట్టుకోకుండా దాని చుట్టూ నాలుగు మాటలు పేర్చడం.

మనవాళ్ళకు ఈ విషయం ఎప్పుడో తెలుసు. "నీ ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు" అంటాం కదా, సర్కమ్‌లొక్యూషన్‌కు ఇంతకంటే మంచి నిర్వచనం నేను ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ చూడలేదు. ముక్కు దొరుకుతుంది, కానీ చెయ్యి అక్కర్లేని దూరం వెళ్ళి వస్తుంది. దీని పక్కనే మరో సామెత, "చల్లకొచ్చి ముంత దాచడం". అక్కడ తిరుగుడుకు కారణం వేరు. అడగడానికి మొహమాటం. మజ్జిగ కావాలి, వచ్చింది దానికే, కానీ ముంత పైట చాటున పెట్టుకుని వానల గురించి, పక్కింటి గేదె ఈనడం గురించి మాట్లాడుతోంది. ఇక "నీళ్ళు నమలడం" ఇంకోటి. వాడి దగ్గర జవాబు ఉంది, చెప్తే ఇరుక్కుంటాడు. చూడండి, ఇంగ్లీషులో ఒకే గంపలో వేసినవాటిని మన ఊళ్ళలో ఆడవాళ్ళు, రైతులు ఎంత బాగా వేరు చేసి పెట్టారో. ఎవరు తిప్పుతున్నారు, ఎందుకు తిప్పుతున్నారు అన్నదాన్ని బట్టి మాట మారిపోతోంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది కూడా అదే.

సరే, డొంక దగ్గరికి వద్దాం. గుంటూరులో ఉండి డొంక తెలియకపోతే ఎలా? మనకు డొంక రోడ్డే ఉంది. రోజూ ఆ మూడు వంతెనల కింద నుంచి వెళ్తూ కూడా, దానికి ఆ పేరెందుకు వచ్చిందని మన పిల్లలు అడగరు. డొంకకు రెండు అర్థాలు ఉన్నాయి. ఒకటి పొద, చెట్టూచేమా అల్లుకున్న గుబురు. "తీగ లాగితే డొంకంతా కదిలింది" అన్నప్పుడు ఉన్నది ఆ డొంక. రెండోది పొలాల మధ్య బండ్ల బాట. గోదావరి వైపు దాన్నే పుంత అంటారు. మాది తెనాలి పక్క పల్లెటూరు, నేను ఆ డొంకలో నడిచే హైస్కూలుకు వెళ్ళాను. రెండు పక్కలా తుమ్మచెట్లు, జిల్లేళ్ళు, అక్కడక్కడా తాటిచెట్లు. మధ్యలో బండి చక్రాలు తొక్కిన రెండు గాళ్ళు. వానాకాలం ఆ గాళ్ళ నిండా నీళ్ళు, మోకాలి లోతు బురద. పొలం గట్ల మీద పడి వెళ్తే స్కూలు పదిహేను నిమిషాలు. డొంక పట్టుకుంటే అరగంట. చిన్నప్పుడు మా నాన్నగారిని అడిగాను, ఈ డొంక ఇన్ని మెలికలు ఎందుకు తిరుగుతుంది, తిన్నగా వేయొచ్చు కదా అని. ఆయన బళ్ళో పంతులు. "తిన్నగా వేస్తే ఎవడి చేను మీదుగా వేస్తావే?" అన్నారు. డొంక ప్రతి రైతు పొలం అంచు పట్టుకుని తిరుగుతుంది. ఎడ్లబండి వెళ్ళాలి, ఎవరి పైరూ తొక్కకూడదు. అందుకని తిరుగుతుంది.

ఆ మాట నాకు ఈమధ్యే మళ్ళీ గుర్తొచ్చింది. డొంకతిరుగుడును తిట్టుగా వాడీ వాడీ, డొంక తిరగడానికి ఒక కారణం ఉందన్న సంగతే మరిచిపోయాం.

ఇంకో చిత్రం చెప్తాను. ఇంగ్లీషు వాళ్ళు ఇదే అర్థంలో పొద చుట్టూ కొట్టడం అంటారు, బీట్ అబౌట్ ద బుష్. అది పక్షుల వేట నుంచి వచ్చింది. పొదల్లో దాక్కున్న పక్షులు పైకి లేవాలని కొందరు కర్రలతో పొదల చుట్టూ కొడుతూ వెళ్ళేవాళ్ళు, పట్టేవాళ్ళు వేరే. చుట్టూ కొట్టేవాడు వేటలో అసలు పని చేయడం లేదు, దాని ముందు పని చేస్తున్నాడు. వాళ్ళకూ పొదే, మనకూ డొంకే. ఒకరిని చూసి ఒకరు చేసుకున్నది కాదు. గుబురును చూస్తే మనిషికి ఎక్కడైనా ఒకటే అనిపించి ఉంటుంది: సూటిగా పోలేం, చుట్టూ పోవాలి.

నేను ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పాను. పేపర్లు దిద్దేటప్పుడు ఎర్ర పెన్నుతో మార్జిన్‌లో సర్‌క్ అని రాసి చుట్టూ సున్నా చుట్టేదాన్ని. మా పిల్లలు దాన్ని 'మేడం సున్నా' అనేవాళ్ళు. సెలవు చీటీ రాయమంటే, "నేను గత రాత్రి నుండి జ్వరముతో బాధపడుచున్న కారణము చేత తరగతికి హాజరు కాలేని పరిస్థితిలో ఉన్నానని తమరికి సవినయముగా తెలియజేసుకొనుచున్నాను" అన్నదాన్ని ఇంగ్లీషులో పెట్టేవాళ్ళు. జ్వరం వచ్చింది, రెండు రోజులు రాలేను అని రాయరా నాయనా అంటే, అలా రాస్తే పొగరుగా ఉంటుంది మేడం అనేవాడు. వాడి భయం అబద్ధం కాదు. మన దగ్గర చిన్నవాడు పెద్దవాడికి సూటిగా చెప్తే పొగరు అంటారు. అదే మాట డొంకతిరుగుడుగా చెప్తే మర్యాద అంటారు. ఆ సున్నాలు చుట్టేటప్పుడు ఈ సంగతి మీద నేను పెట్టాల్సినంత దృష్టి పెట్టలేదు.

సర్కమ్‌లొక్యూషన్ అనే మాటకు ఇంగ్లీషులో ఇంత చెడ్డపేరు రావడానికి చాలావరకు కారణం ఒక నవలాకారుడు. చార్లెస్ డికెన్స్ 1855 చివర్లో మొదలుపెట్టి 1857 దాకా నెలనెలా వెలువరించిన 'లిటిల్ డారిట్'లో ఒక ప్రభుత్వ కార్యాలయాన్ని సృష్టించి, దాని పేరే సర్కమ్‌లొక్యూషన్ ఆఫీస్ అని పెట్టాడు. పనిని ఎలా చేయకూడదో కనిపెట్టడమే ఆ ఆఫీసు పని. దాన్ని బార్నకుల్ అనే ఒక కుటుంబం తరతరాలుగా అంటిపెట్టుకుని ఉంటుంది. బార్నకుల్ అంటే ఓడ అడుగున అతుక్కుని వదలని గుల్ల పురుగు. కొత్త యంత్రం కనిపెట్టిన ఒకాయన దానికి గుర్తింపు కోసం ఏళ్ళ తరబడి ఆ ఆఫీసు చుట్టూ తిరుగుతాడు. ఇంకో పాత్ర వెళ్ళి, నాకు ఒక విషయం తెలియాలి అంటాడు. తెలియాలి అని ఒకడు అడగడమే అక్కడ అందరికీ వింత. ఇంగ్లండ్ రష్యాతో చేసిన క్రిమియా యుద్ధంలో అధికారుల చేతగానితనం వల్ల సైనికులు చలికీ జబ్బులకూ చచ్చిపోయిన కోపం మీద దేశం ఉన్న రోజులవి. డికెన్స్‌కు అంతకంటే దగ్గరి గాయం కూడా ఉంది. ఆయన తండ్రిని అప్పు తీర్చలేదని 1824లో మార్షల్సీ జైల్లో పెట్టారు. ఈయన అప్పటికి పన్నెండేళ్ళ పిల్లాడు, బూట్ పాలిష్ తయారుచేసే చోట పనికి వెళ్ళాడు. జైలు, అప్పు, కాగితం, అందని జవాబు, ఇవి ఆయనకు విన్నవి కావు.

ఆఫీసు దగ్గరికి వచ్చేసరికి మన తెలుగు ఎంత చక్కగా పలుకుతుందో చూడండి. గుడి చుట్టూ తిరగడాన్ని ప్రదక్షిణ అంటాం, ఇంగ్లీషులో దానికి సర్కమాంబ్యులేషన్ అనే మాట ఉంది, మళ్ళీ అదే సర్కమ్. ఆఫీసు చుట్టూ తిరగడాన్ని కూడా ప్రదక్షిణలే అంటాం. రిటైరయ్యాక నాకు రావాల్సిన ఒక బకాయి కోసం ఒక ఆఫీసు చుట్టూ పద్నాలుగు నెలలు ప్రదక్షిణలు చేశాను. "పుటప్ చేశామండి." "సార్ సీట్లో లేరండి." "మీ ఫైలు పైకి వెళ్ళింది మేడం." చివరికి చేతికొక కాగితం వచ్చింది: "తమరి దరఖాస్తు పరిశీలనలో ఉన్నది. తగు చర్య నిమిత్తము సంబంధిత విభాగమునకు పంపబడినది." భాష నేర్పిన మనిషిని కాబట్టి ఆ వాక్యం ముందు చాలాసేపు కూర్చున్నాను. ఏ విభాగం? సంబంధిత. ఏ చర్య? తగు. ఎవరు పంపారు? పంపబడినది. ఈ 'బడు' అనే ధాతువును మన ఇళ్ళలో ఇలా ఎవరూ వాడరు. "అన్నం వండబడింది" అని ఏ అమ్మైనా అంటుందా? వండింది అంటుంది, వండాను అంటుంది. చేసిన మనిషిని వాక్యంలోంచి తప్పించడానికే అది ఆఫీసు కాగితంలో బతుకుతోంది. అచ్చమైన సర్కమ్‌లొక్యూషన్ అంటే అది. అందులో ఒక్క అబద్ధం లేదు, ఒక్క నిజమూ లేదు.

మా పెద్దబ్బాయి అప్పుడు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టమన్నాడు. 2005 నాటి చట్టం, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. నేను మూడే ప్రశ్నలు రాశాను. ఫైలు ఇవాళ ఎవరి సీట్లో ఉంది, ఏ తేదీ నుంచి ఉంది, ఆగడానికి కారణం ఏమిటి. వచ్చిన జవాబు రెండు వాక్యాలు. హోదా, తేదీ, జత చేయాల్సిన ఒక కాగితం పేరు. పద్నాలుగు నెలల ప్రదక్షిణల్లో ఆ కాగితం పేరు నాకు ఎవరూ చెప్పలేదు. మర్నాడే తీసుకెళ్ళి ఇచ్చాను. పిల్లలూ, మీరు ఎప్పుడైనా ఏ ఆఫీసుకైనా ఏదైనా అడుగుతూ రాయాల్సి వస్తే, ఎవరు, ఎప్పుడు, ఎందుకు అనే ముక్కలు మీ ప్రశ్నలో ఉండేట్టు చూసుకోండి. 'బడు' దూరే సందు ఉండదు.

ఇక్కడి దాకా డొంకతిరుగుడు అన్న జవాబు సరిపోయింది. ఇప్పుడు ఇంట్లోకి రండి.

మా అమ్మ బియ్యం అయిపోయాయి అని ఎప్పుడూ అనలేదు. "బియ్యం నిండుకున్నాయి" అనేది. డబ్బా ఖాళీ, మాట మాత్రం నిండు. దీపం ఆరిపోయింది అనదు, కొండెక్కింది అంటుంది. సందె చీకట్లో పామును పాము అనదు, పురుగు అంటుంది. గడప దాటేటప్పుడు వెళ్తాను అంటే ఒప్పుకోదు, వెళ్ళొస్తాను అనాలి. శాస్త్రం తెలిసినవాళ్ళు ఇవి సర్కమ్‌లొక్యూషన్ కాదు, యూఫమిజం అంటారు. మాట మెత్తన చేయడం వేరు, మాట చుట్టూ తిరగడం వేరు, నిజమే. కానీ ఈ రెండూ ఒక ఇంటి వసారాలే, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి తలుపు ఉంటుంది. "కోడలు ఒట్టిమనిషి కాదు" అన్నప్పుడు ఏమంటారు? కడుపుతో ఉంది అనే మాట చుట్టూ ఒక పూర్తి ప్రదక్షిణ అది. ఎంత అందంగా ఉందో చూడండి. ఏమి కాదో చెప్పి, ఏమిటో మనకు వదిలేసింది. ఈ తిరుగుడులో ఎవరినీ మోసం చేయడం లేదు, వినేవాళ్ళందరికీ అర్థమవుతూనే ఉంది. దిష్టి తగలకూడదని, చెడు మాట నోట రాకూడదని, ఎవరి పైరూ తొక్కకూడదని తిరుగుతున్నారు.

అసలైన సర్కమ్‌లొక్యూషన్ మా ఇంట్లో రోజూ జరిగేది. మా అమ్మ మా నాన్నగారి పేరు పలికేది కాదు. ఆ తరం ఆడవాళ్ళు చాలామంది అంతే. నాన్నగారిది ఏడుకొండలవాడి పేరు. దాంతో మా ఇంట్లో దేవుడికీ పేరు లేకుండా పోయింది, కొండమీదాయన అనేది. ఒకసారి జనాభా లెక్కలాయన వచ్చాడు. నేను ఇంట్లో లేను. మీ ఆయన పేరేంటమ్మా అని అడిగితే, "తిరపతి కొండ మీద ఉండేదెవరు నాయనా?" అందట. ఆయన చెప్పాడట. "ఆ, అదే రాసుకో" అందట. నాన్నగారు కూడా అమ్మను పేరు పెట్టి పిలిచింది నేను వినలేదు. "ఇదిగో", "ఎక్కడున్నావ్", నాతో అయితే "మీ అమ్మేదే?" అంతే. ఒకరి పేరు ఒకరు ముట్టుకోకుండా యాభై ఏళ్ళు కాపురం చేశారు. ఇది మంచి ఆచారమా, మగవాడి పేరు ఆడదాని నోట్లోంచి తీసేయడమా అని మీలో కొందరు అడుగుతారు. అడగాలి కూడా. నేను నా భర్తను పేరు పెట్టే పిలుస్తాను.

మన అలంకార శాస్త్రంలో చుట్టూ తిప్పి చెప్పడానికి గౌరవమైన పేరే ఉంది, పర్యాయోక్తం. చెప్పదలుచుకున్నదాన్ని భంగ్యంతరంగా, అంటే ఇంకో తీరులో చెప్పడం. దానికి పండితులు పదేపదే చెప్పే ఉదాహరణ విష్ణువు గురించి. విష్ణువు రాహువు తల నరికాడు అనరు. రాహువు భార్యకు భర్త కౌగిలి లేకుండా చేసి, ముద్దు మాత్రమే మిగిల్చినవాడు అంటారు. తల ఉంది, మొండెం లేదు కాబట్టి. గ్రీకుల పెరిఫ్రాసిస్‌కు ఇంతకంటే దగ్గరి మాట నాకు కనబడదు. ఆలంకారికుడు ఆనందవర్ధనుడు తొమ్మిదో శతాబ్దంలో ధ్వని సిద్ధాంతం, అంటే సూటిగా అనకుండా స్ఫురింపజేసేదే కావ్యానికి ఆత్మ అని చెప్తే, ఆ తర్వాత కుంతకుడు వక్రోక్తే కావ్యానికి ప్రాణం అన్నాడు. వక్రోక్తి అంటే వంకర మాట. ఆఫీసులో నన్ను ఏ వంకర ఏడిపించిందో, ఆ వంకరే కావ్యంలో ప్రాణం. అమ్మా, అందుకే ఆ రోజు నేనిచ్చిన జవాబు వెలితి అన్నది. ఎవరైనా పరీక్షలో సర్కమ్‌లొక్యూషన్‌కు తెలుగు రాయమంటే, కోపంగా వాడిన చోట డొంకతిరుగుడు అని రాయి, కవిత్వం దగ్గర పర్యాయోక్తం అని రాయి.

మర్యాద కోసం తిరిగినా ఎదుటివాళ్ళ పైరు తొక్కేయొచ్చు, అది కూడా చెప్పాలి. 1984లో నాకు ఒక సంబంధం వచ్చింది. వాళ్ళు వచ్చారు, చూశారు, మా అమ్మ చేసిన బొబ్బట్లు తిన్నారు. వెళ్తూ ఆ పెద్దాయన, "ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తామండి" అన్నారు. ఇక్కడ నవ్వుతున్న పెద్దవాళ్ళకు ఆ మాటకు అర్థం తెలుసు. మా నాన్నగారికీ తెలిసే ఉంటుంది. కానీ అందులో లేదు అనే మాట లేదు కదా. పోస్ట్‌మ్యాన్ మా వీధికి పదకొండున్నరకు వచ్చేవాడు. నాన్నగారు బడి నుంచి ఆ టైముకి ఏదో వంక మీద ఇంటికి వచ్చేవారు. అరుగు మీద నిలబడేవారు. సైకిల్ మా ఇల్లు దాటి వెళ్ళాక, "కాసిని మంచినీళ్ళివ్వమ్మా" అని తాగి, మళ్ళీ బడికి వెళ్ళిపోయేవారు. నలభై రోజుల పైన ఇలా జరిగింది. ఉత్తరం రాలేదు. మీ అమ్మాయి మాకు కుదరదండీ అని గుమ్మంలోనే అని ఉంటే ఒక పూట బాధపడేవాళ్ళం. చెప్పేవాళ్ళకు ఇబ్బంది తప్పింది, ఆ ఇబ్బంది మా అరుగు మీదికి వచ్చి నలభై రోజులు నిలబడింది. అప్పటి నుంచి ఎవరైనా చుట్టూ తిప్పి మాట్లాడుతుంటే, ఈ తిరుగుడు ఎవరి కాళ్ళకు నొప్పి అని చూడటం నాకు అలవాటైంది.

చివరగా ఒక్క సంగతి. సర్కమ్‌లొక్యూషన్ అన్న మాట నేను చివరిసారి కొత్తగా నేర్చుకున్నది పుస్తకంలో కాదు, ఈ గుంటూరులోనే ఒక ఆసుపత్రి గదిలో. ఏడేళ్ళ కింద మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. మెదడు ఎడమ భాగంలో దెబ్బ. కాలూ చెయ్యీ కొంత తిరిగి వచ్చాయి. మాటలు మాత్రం పోయాయి. మాట్లాడటం పోలేదు, మాటలు పోయాయి. అంటే పేర్లు. వస్తువు ఏమిటో తెలుసు, దాని పేరు రాదు. వైద్యులు దాన్ని అఫేసియా అంటారు, అందులో పేర్లు దొరకని రకం ఇది. స్పీచ్ థెరపిస్ట్ అమ్మాయి బొమ్మల కార్డులు పట్టుకొచ్చేది. తాళంచెవి చూపిస్తే నాన్నగారు చెయ్యి తిప్పి, "తలుపు... తీసేది... ఇట్టా ఇట్టా" అన్నారు. గడియారం చూపిస్తే, "బడికి... లేటయిందో... చెప్పేది" అన్నారు. దువ్వెన చూపిస్తే నా తల వైపు చూపించారు. తను రాసుకునే ప్యాడ్ మీద ఆ అమ్మాయి ఇంగ్లీషులో రాసింది, నేను వంగి చూశాను. సర్కమ్‌లొక్యూషన్ ప్రెజెంట్. పక్కన మంచి గుర్తుగా టిక్కు పెట్టింది.

ముప్పై ఏళ్ళు నేను సున్నా చుట్టిన మాటకు ఆ పిల్ల టిక్కు పెట్టింది. ఎందుకమ్మా అని అడిగాను. మాట దొరకనప్పుడు ఊరుకోకుండా చుట్టూ తిరిగి మనకు అర్థమయ్యేట్టు చెప్తున్నారు కదండీ, అది చాలా మంచిది, అలా తిరగనివ్వండి, తొందరపడి మీరు అందించకండి, తిరిగీ తిరిగీ ఒక్కోసారి ఆ మాట దగ్గరికే వెళ్తారు అంది. భాష కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేసేదీ అదే. మన పిల్లలు ఇంగ్లీషులో జల్లెడను ఏమంటారో తెలియక "పిండిలో చెత్త తీసేది" అని చెప్తే, మనం నవ్వుతాం గానీ వాడు ఆగిపోకుండా వంతెన కట్టుకున్నాడు. ఆ ఆసుపత్రి గదిలో మా నాన్నగారు గంటకు ఇరవై వంతెనలు కట్టేవారు, చెమటలు పట్టేవి. కార్డు కింద పెట్టేయమని ఒక్కసారి అనలేదు.

మూడో వారంలో వస్తువుల నుంచి మనుషుల పేర్లకు వచ్చారు. ఆయనకు ఆయన పేరే రావడం లేదు. థెరపిస్ట్ మా అమ్మను మంచం పక్కన కూర్చోబెట్టి, "అమ్మా, మీరు ఆయన పేరు మెల్లగా పలకండి, మీ పెదాలు చూసి ఆయన పలుకుతారు" అంది. అమ్మ నా వైపు చూసింది. నేను చెప్తానండి అన్నాను. "వద్దు మేడం, రోజంతా పక్కన ఉండేది ఆవిడే కదా" అంది ఆ అమ్మాయి. దానికి మా ఇంటి సంగతి ఏం తెలుసు? అమ్మ పైట కొంగు భుజం మీదుగా లాక్కుంది. కిటికీ వైపు చూసింది. కొండమీదాయన అంటుందేమో అనుకున్నాను. నాన్నగారి కుడిచెయ్యి, ఇంకా సరిగ్గా కదలని చెయ్యి, తీసి తన ఒళ్ళో పెట్టుకుని, ఆయన మొహంలోకి చూస్తూ, అక్షరం అక్షరం విడదీసి, ఆ పేరు పలికింది.

నాన్నగారు పలకలేదు. అమ్మనే చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి, ఏ తడబాటూ లేకుండా, "మళ్ళీ" అన్నారు.

అమ్మ మళ్ళీ పలికింది.